పడవ ప్రొపెల్లరును గూర్చి హైడ్రా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

మ॥రా॥రా॥శ్రీ హైదరాబాదు విపత్తు స్పందన సంస్థయగు హైడ్రా కమిషనర్ గారి సముఖమునకు, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతమున చిరకాలముగా కాపురముండు ఒక పౌరుడు సవినయముగా వ్రాసుకొను విన్నపము.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభముల నీడను, ఎల్.బి. నగర్ కూడలి పైవంతెనల క్రిందను నిత్యము బస్సులకై పడిగాపులు పడు మాబోటివారికి పడవ ఇంజనును గూర్చి జాబు వ్రాయవలసిన అగత్యమేమి వచ్చెనని తమ కార్యాలయమువారు నవ్వుకొనవచ్చును. అట్టివారిని 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రిని ఒక్కమారు స్మరింపుడని వేడుచున్నాను. హయత్‌నగర్ పరిసరములందు దాదాపు 30 సెంటీమీటర్ల వాన కురియగా, ఎగువ చెరువులు ఒకదానివెంట నొకటి పొంగి, సరూర్‌నగర్ చెరువు నిండి, కోదండరామ్‌నగర్ మొదలగు కాలనీల వీధులు కాలువలై, వృద్ధులును పసిబిడ్డలును పడవలమీద గట్టెక్కవలసి వచ్చెను. ఉన్న పడవలు చాలక ఆంధ్రప్రదేశ్ నుండియు తెప్పించుకొంటిమి.

చెరువున తిరుగు పడవ వేరు, కాలనీలో తిరుగు పడవ వేరు. బురదనీటి అడుగున డివైడరు అంచో, మూత లేచిన మ్యాన్‌హోలు చట్రమో, పడిపోయిన మోటారుసైకిలు హ్యాండిలో, ఎవరి దండెము మీదినుండియో కొట్టుకొనివచ్చిన చీరయో ఉన్నదని నడుపువానికి తెలియునప్పటికే ప్రొపెల్లరు దానికి తగులుకొని యుండును. గేర్లు విరుగకుండుటకై చిన్న ఇంజనులలో ఒక మెత్తని పిన్నును, పెద్దవానిలో ప్రొపెల్లరు నడుమ రబ్బరు తొడుగును అమర్చుదురు. గట్టిదెబ్బ తగిలినచో ఆ పిన్ను తెగును, లేదా ఆ రబ్బరు జారును. అంతట ఇంజను గర్జించును. పడవ మాత్రము కదలదు. డాబా మీదినుండి చేతులూపు జనులకు ఆ గర్జన వలన ప్రయోజనమేమి?

ప్రొపెల్లరు మార్చుట, చేయి తిరిగినవానికి, పావుగంట పని. ముందుగా ఇంజను నాపి, తాళముగాని భద్రతాత్రాడుగాని తీసివేసి, గేరును న్యూట్రలులో నుంచి, స్పార్కు ప్లగ్గుల తీగలను కూడ ఊడదీయవలెను. రెక్క చేతిలో నుండగా ఇంజను రాజుకొన్నచో వ్రేళ్లు దక్కవు. పిమ్మట ఇంజనును పైకి వంచి, రెక్కకును దానిపైనున్న పలకకును నడుమ ఒక చెక్కముక్కను ఇరికించినచో ప్రొపెల్లరు తిరుగక నిలుచును. స్ప్లిట్ పిన్ను కొసలను కటింగ్ ప్లేయరుతో చక్కజేసి లాగి, గాడులున్న నట్టును పానాతో విప్పి, వాషరులు ఏ వరుసన వచ్చినవో ఆ వరుసననే ఒక గుడ్డపై పేర్చుకొనవలెను. ప్రొపెల్లరు ఊడివచ్చిన వెనుక షాఫ్టు మొదలును వ్రేలితో తడవి చూడని మెకానికును నేను నమ్మను: అచ్చట నైలాను దారము చుట్టుకొన్నచో సీలు కోసికొనిపోయి, గేరునూనెలో నీరు చేరి, అది పాలవలె తెల్లబారును. షాఫ్టు గాళ్లకు నీటికి కరుగని గ్రీజు పట్టించి, క్రొత్తదానిని తొడిగి, నట్టు బిగించి, క్రొత్త స్ప్లిట్ పిన్నునే వేయవలెను. ఒకసారి వంచిన పిన్ను మరల వంచినచో ఎప్పుడు విరుగునో చెప్పజాలము.

అయితే ఏ ప్రొపెల్లరైనను ఏ ఇంజనుకైనను సరిపడదు. ప్రొపెల్లరు మీద చెక్కియుండు రెండంకెలలో ఒకటి వ్యాసము, రెండవది పిచ్, అనగా ఒక్క చుట్టునకు సిద్ధాంతరీత్యా ముందునకు సాగు దూరము, అంగుళములలో. పిచ్ అధికమైనచో మందితో నిండిన పడవను లాగలేక ఇంజను మూలుగును. తక్కువైనచో మితిమీరి తిరుగును. ఉక్కు రెక్కలు దృఢములే కాని దెబ్బను లోపలి గేర్లకు పంపును గనుక, వీధులలో తిరుగు పడవకు అల్యూమినియమే మేలని నా అభిప్రాయము.

1908 సెప్టెంబరు 28న మూసీ విరుచుకొనిపడినపుడు అఫ్జల్‌గంజ్ చింతచెట్టు నెక్కి నూట యేబది మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అను నాతడు పడవ వెనుక తగిలించు తన అవుట్‌బోర్డు మోటారును విపణికి తెచ్చినది ఆ మఱుసటి యేడు, 1909లో. నాటివారికి చెట్టే గతియయ్యెను. మనకు యంత్రము లభించినది గదా!

కావున తమరికి మనవి. తమ పడవల ఇంజనులన్నియు, వీలైనంతవరకు, ఒకే ప్రొపెల్లరు సరిపడు రకమువై యుండవలెను. అప్పుడు ఒక పడవది వేఱొక పడవకు అక్కఱకు వచ్చును. నీటిలో ఈదులాడువారి కాళ్లు తెగకుండ రెక్కల చుట్టును రక్షణవలయము నమర్పవలెను. కొంత వేగము తగ్గినను వీధిలో వేగమెందుకు? ఏటేట తొలకరికి ముందు సరూర్‌నగర్ కట్టమీద, చీకటిలో, టార్చిలైటు వెలుగున, సిబ్బందిచేత ప్రొపెల్లరు మార్పించి చూడవలెను. పగటివేళ షెడ్డులో నేర్చినది వాననాటి రాత్రికి చాలదు. ప్రతి పడవయందును అదనపు ప్రొపెల్లరు, పానా, చెక్కముక్క, గ్రీజు డబ్బా త్రాడుతో కట్టియుంచవలెను. స్ప్లిట్ పిన్నులు మాత్రము ఒకటి రెండు కాదు, గుప్పెడు ఉండనిండు. చీకటిలో అవి నీటిపాలగుట తఱచు.

ఇట్లు,
కొత్తపేట నివాసి