సగటు చాటున దాగే పొలాలు: సోపాన చిత్రాల అమరికపై ఒక అభిప్రాయం

స్నాతకోత్తర సిద్ధాంత గ్రంథాలలోను, పరిశోధనా కేంద్రాల వార్షిక నివేదికలలోను 'హిస్టోగ్రామ్' అన్న శీర్షిక కింద తరచుగా కనిపించేది నిజానికి కమ్మీ చిత్రం. ఒక్కొక్క చర్యకు ఒక్కొక్క కమ్మీ, దాని ఎత్తు ఆ చర్య సగటు దిగుబడి. 1895లో కార్ల్ పియర్సన్ హిస్టోగ్రామ్ అన్న పదాన్ని ప్రచురణలోకి తెచ్చినది దీనికోసం కాదు. ఏ తరగతిలో ఎన్ని పరిశీలనలు పడినవో చూపే పౌనఃపున్య చిత్రానికి, అనగా మన పాఠ్యపుస్తకాలు సోపాన చిత్రమని పిలిచే దానికి, ఆయన ఆ పేరు పెట్టారు. ఒకటి సగటును చెబుతుంది. రెండవది ఆ సగటు ఎవరిదో చెబుతుంది. ఈ భేదం మరుగునపడినందువల్ల కలిగే నష్టం వ్యాకరణానికి సంబంధించినది కాదు, సిఫారసుకు సంబంధించినది.

ఉత్తర తెలంగాణలో ఈ విషయం మరింత స్పష్టం. ఆదిలాబాద్ పత్తిని తీసుకుందాం. జైనథ్, బేల మైదానాల నల్లరేగడి నేలలు ఒక తీరు. ఉట్నూరు, ఇంద్రవెల్లి ఏజెన్సీ గుట్టవాలుల లోతు తక్కువ నేలలు మరొక తీరు. ఊహకు ఒక లెక్క: పది పొలాలలో ఐదింట ఎకరాకు 6 క్వింటాళ్లు, ఐదింట 12 క్వింటాళ్లు పండినవనుకుందాం. సగటు 9. ఆ పదింటిలో 9 క్వింటాళ్లు పండిన పొలం ఒక్కటీ లేదు. కమ్మీ చిత్రం 9 వద్ద నిలుస్తుంది. సోపాన చిత్రం రెండు శిఖరాలను చూపుతుంది. 9 క్వింటాళ్లను లక్ష్యంగా పెట్టుకొని ఎరువుల మోతాదు నిర్ణయిస్తే గుట్టవాలు రైతుకు పెట్టుబడి దండుగ, రేగడి రైతుకు మోతాదు చాలదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింది వరిని, బావుల కింది వరిని ఒకే సగటులో కలిపినప్పుడు కూడ ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది.

ఆదేశ పంక్తుల ద్వారా పటాలు గీసే ఉచిత సాధనం గ్నూప్లాట్. థామస్ విలియమ్స్, కోలిన్ కెల్లీ 1986లో దీనిని ప్రారంభించారు. ఇందులోనూ పై గందరగోళం ఉన్నది. 'సెట్ స్టైల్ డేటా హిస్టోగ్రామ్స్' అన్న ఆదేశం గీసేది కమ్మీలనే. నిజమైన సోపాన చిత్రం కావాలంటే ప్రతి విలువను తరగతి అంతరంతో భాగించి, 'ఫ్లోర్' ప్రమేయంతో పూర్ణాంకం తీసుకొని, తిరిగి అంతరంతో గుణించి, 'స్మూత్ ఫ్రీక్వెన్సీ' ద్వారా లెక్కించాలి. 5.2 రూపాంతరం నుండి 'బిన్స్' అన్న సౌకర్యం ఈ పనిని సులభం చేసింది. అయితే తరగతుల సంఖ్యను మనం చెప్పకపోతే అది 'శాంపిల్స్' విలువను, అనగా మామూలుగా 100ను, తీసుకుంటుంది. 120 పొలాల దత్తాంశానికి నూరు తరగతులు చేస్తే కనిపించేది దువ్వెన పళ్లే గాని విభాజనం కాదు. 1926 నాటి స్టర్జెస్ సూత్రం ప్రకారం అక్కడ సుమారు 8 తరగతులు చాలు. మరీ తగ్గిస్తే పైన చెప్పిన రెండు శిఖరాలు ఒకటిగా కలిసిపోతాయి. కనుక రెండు మూడు అంతరాలతో గీసి చూసి, ఎంచుకొన్న అంతరాన్ని పటం కింద పేర్కొనడం శాస్త్రవేత్త బాధ్యత. పెట్టె వెడల్పును 'బాక్స్‌విడ్త్' ద్వారా తరగతి అంతరానికి సమానం చేయాలి. సోపానాల నడుమ ఖాళీ ఉంటే అక్కడ విలువలే లేవన్న భ్రమ కలుగుతుంది.

కమ్మీ చిత్రాలు పనికిరావని నా భావం కాదు. చర్యలను పోల్చడానికి అవే తగినవి. కాని వాటికీ నియమాలున్నవి. నిలువు అక్షాన్ని సాధనం ఇష్టానికి వదలక 'సెట్ వైరేంజ్ [0:*]' అని సున్నా నుండి మొదలుపెట్టాలి. లేనిచో అరక్వింటా తేడా కూడ రెట్టింపు దిగుబడిలా కనిపించగలదు. 'సెట్ స్టైల్ హిస్టోగ్రామ్ ఎర్రర్‌బార్స్' ఎంచుకొని సగటు పక్క నిలువు వరుసలో ప్రామాణిక దోషాన్ని ఇస్తే కమ్మీపై దోషరేఖ వస్తుంది. ఆ రేఖ ప్రామాణిక దోషమా, ప్రామాణిక విచలనమా అన్నది శీర్షికలో తప్పక ఉండాలి. ఇక ఒకదానిపై ఒకటి పేర్చే 'రోస్టాక్డ్' పద్ధతి మొత్తాన్ని చూపడానికి మంచిదే. కాని అడుగు పొరకు తప్ప మిగిలిన వాటికి ఉమ్మడి ఆధారరేఖ ఉండదు గనుక, పత్తిలో అంతరపంటగా వేసిన కంది దిగుబడులను అందులో పోల్చడం కష్టం.

మౌస్‌తో నాలుగు నొక్కులలో పటం వచ్చే రోజులలో ఆదేశాలు నేర్వడమెందుకని విద్యార్థులు అడుగుతారు. ప్రశ్న సమంజసమే. జవాబు పటం అందంలో లేదు. ఆదేశాల దస్త్రంలో తరగతి అంతరం, అక్షం, దోషరేఖ అన్న మన నిర్ణయాలన్నీ అక్షరరూపంలో ఉంటాయి. మార్గదర్శకుడు వాటిని చదివి ప్రశ్నించగలడు. మరుసటి వానాకాలం దత్తాంశం వచ్చినప్పుడు అదే దస్త్రాన్ని నడిపితే అవే కొలతలతో పటం వస్తుంది. రెండు సంవత్సరాలను నిజాయితీగా పోల్చవచ్చు. రైతుకు సోపాన చిత్రాలతో పనేమిటని విస్తరణ శాస్త్రవేత్తలు అనవచ్చు. రైతుకు చూపనక్కరలేదు. రైతుకు చెప్పబోయే మాటను నిర్ణయించే ముందు మనం చూడాలి.

అందుచేత మూడు సూచనలు చేస్తున్నాను. రైతు పొలాలలోని ప్రదర్శనల ఫలితాలను నివేదించేటప్పుడు సగటుతో పాటు సోపాన చిత్రాన్ని విధిగా ఇవ్వాలి. సిద్ధాంత గ్రంథాల అనుబంధంలో దత్తాంశంతో పాటు ఆదేశాల దస్త్రాన్నీ చేర్చాలి. రెండు శిఖరాలు కనిపించిన చోట ఒకే సిఫారసు ఇవ్వక, నేలను బట్టి, నీటి వసతిని బట్టి విడదీసి చెప్పాలి. ఇందులో మొదటి రెండింటికి ఖర్చు లేదు. మూడవదానికి శ్రమ ఉన్నది; ఆ శ్రమ మనది కాకపోతే నష్టం గుట్టవాలు రైతుది అవుతుంది.