తాళం లోపల మనుషులున్నారు

పోయిన నెల ఒక జుమా నమాజు తర్వాత గోదాము యజమాని ఒకాయన మమ్మల్ని చాయ్‌కి తీసుకెళ్లారు. పాత కాగితం, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కొని అమ్మే వ్యాపారం ఆయనది. మంచి మనిషి. జకాతు పైసాతో సహా లెక్కగట్టి ఇస్తారు. కూలీ ఏనాడూ ఆపరు. బీహారు నుంచి వచ్చిన ఆరుగురు కుర్రాళ్లకు గోదాము మీదే పడుకోవడానికి చోటిచ్చారు. "కిరాయి తీసుకోవడం లేదు హజ్రత్, సవాబు కోసం ఉండనిచ్చాను" అన్నారు. రాత్రి తొమ్మిదింటికి షట్టరు దించి బయట తాళం వేస్తారట. తాళంచెవి ఆయన ఇంట్లో ఉంటుంది. ఎందుకలా అని అడిగితే, "మాల్ పోతే జవాబుదారీ ఎవరు?" అని మమ్మల్నే తిరిగి అడిగారు.

ఆయనకు బోయిగూడ సంగతి గుర్తుచేశాం. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాముకు నిప్పంటుకుంది. పైన నిద్రపోతున్న 12 మందిలో 11 మంది చనిపోయారు. ఒక్కడు బయటపడ్డాడు. అందరూ బీహారు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లే. కిందికి దిగే దారి ఒక్కటే, అదీ మండుతున్న గోదాములోకే. ఇలాంటి చోట మంటకన్నా ముందు పొగ మనిషిని చేరుతుంది. నిద్రలో ఉన్నవాడికి తలుపు ఎటుందో కూడా తెలియదు.

పాశమైలారంలో 2025 జూన్ 30న ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు మరణించినప్పుడు మనమంతా పెద్ద కంపెనీలను తిట్టుకున్నాం. తిట్టవలసిందే. మరి మన జేబులో ఉన్న తాళంచెవి సంగతో?

చెమట ఆరకముందే కూలీ ఇవ్వాలన్న హదీసు మన మసీదుల్లో తరచూ వినిపిస్తుంది. హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖించిన హదీసు అంతగా వినిపించదు. పనివాళ్లు మీ సోదరులని, వారి మీద శక్తికి మించిన భారం మోపవద్దని, మోపితే మీరూ చేయి కలపాలని దైవప్రవక్త (స) అందులో బోధించారు. సొంత తమ్ముణ్ణి లోపల పడుకోబెట్టి బయట తాళం వేసేవారెవరైనా ఉంటారా? మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు అందులోని వారితో సహా కాలిపోయింది. ఆ సంగతి తెలిసి, నిప్పు మీకు శత్రువని, పడుకునే ముందు ఆర్పివేయాలని ప్రవక్త (స) ఆదేశించారు. సహీహ్ బుఖారీలో ఉన్న మాట ఇది. ఈనాటి గోదాములో ఆ నిప్పు ఏది? వదులైన వైర్లు, రాత్రంతా చార్జింగుకు పెట్టిన బ్యాటరీ బండి, అట్టల పక్కనే వెలిగించిన దోమల కాయిల్.

మేము మదర్సాలో చదువుకున్న పాఠం ఒకటి చెప్పాలి. షరీఅత్ కాపాడదలచిన అయిదింటిని ఇమామ్ గజాలీ (రహ్మ) వరుసగా పేర్కొన్నారు: ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, ఆస్తి. ఆస్తి అన్నిటికన్నా చివర ఉంది. షట్టరుకు బయట వేసిన తాళం ఆ వరుసను తలకిందులు చేస్తుంది. తూకంలో గ్రాము తేడా రానివ్వని వ్యాపారికి ఇది తట్టకపోవడమే మాకు విచిత్రంగా తోచింది.

కరాచీలోని బల్దియా టౌన్‌లో 2012 సెప్టెంబరు 11న ఒక దుస్తుల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా మరణించారు. కిటికీలకు ఇనుప గ్రిల్స్, తలుపులకు తాళాలు. కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి అంతర్జాతీయ ధ్రువపత్రం కూడా అందింది! నిప్పు కావాలని పెట్టిందేనని 2020లో కోర్టు తేల్చింది. నిప్పు ఎవరు పెట్టినా, ఆ తాళాలు వేసింది మాత్రం వాళ్లు కాదు.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. కరెంటుతో నడిస్తే 10 మంది, లేకుంటే 20 మంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ అని 1948 చట్టం అంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ ఆ సంఖ్యలను 20, 40 చేసింది. ఆరుగురు కుర్రాళ్ల గోదాముకు తనిఖీకి ఎవరొస్తారు?

"మౌత్ రాసి ఉంటే ఎక్కడున్నా వస్తుంది కదా హజ్రత్" అన్నారాయన. సిరియాలో మహమ్మారి ఉందని విని హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారని చెప్పాం. విధి నుంచి పారిపోతున్నారా అని అడిగిన వారికి, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామని ఆయన జవాబిచ్చారు. యజమాని మరి మాట్లాడలేదు. చాయ్ చల్లారిపోయింది.

పోయిన వారం ఆ దారిన వెళ్తూ ఆగాం. షట్టరుకు లోపలి నుంచి గడియ పెట్టించారు. బయటి తాళం తీసేశారు. రాత్రి మెయిన్ స్విచ్ ఆపుతున్నారట. కుర్రాళ్లకు వేరే గది చూస్తున్నానన్నారు. వెనక తలుపు ముందు అట్టల కట్టలు మాత్రం నిలువెత్తున అలాగే ఉన్నాయి. "పది రోజులు హజ్రత్, లోడు వెళ్లగానే తీయిస్తాను" అన్నారు. ఆ పది రోజులు ఈ జుమాకు పూర్తవుతాయి. నమాజు కాగానే మళ్లీ వెళ్తున్నాం.