మా నాయన వాలుకుర్చీ ఏ థీములోకి వస్తుంది?

మొన్న సంక్రాంతికి నాయుడుపేట వెళ్ళినప్పుడు మా ఇంట్లో పెద్ద రభస జరిగింది. కారణం ఒక వాలుకుర్చీ.

ఇల్లు కాస్త బాగుచేయిద్దామని మా తమ్ముడు బెంగుళూరు నుంచి ఒక ఇంటీరియర్ డిజైనర్ని పట్టుకొచ్చాడు. సదరు డిజైనరు గారు హాలంతా కలియజూసి, "మీది మోడర్న్ మినిమలిస్ట్ థీమ్ సార్. ఈ కుర్చీ, ఆ టేకు బీరువా, గోడమీద కలంకారీ క్లాష్ అవుతాయి, తీసేయాలి" అన్నాడు. మా నాయన ఏం మాట్లాడలేదు. పేపరు తీసుకుని పోయి అదే కుర్చీలో కూచున్నాడు. అమ్మ మాత్రం వంటింట్లోంచే "ఆయన్ని గూడా తీసేస్తారా ఏందిరా?" అంది :)

అసలు ఇంటికి ఒకటే స్టైలు ఉండాలన్న రూలు ఎవడు పెట్టాడండీ? కేటలాగు ఫోటోల్లో ఉండే ఇళ్ళలో ఎవరూ కాపురం ఉండరు, కాబట్టి అక్కడ కుదురుతుంది. కాపురం ఉన్న ఇల్లు ఎప్పుడూ కలగాపులగమే. మా ఇంట్లో తాత వేయించిన కడప బండలున్నాయి, అమ్మ పెళ్ళినాటి టేకు బీరువా ఉంది, దాని పక్కనే స్టీలు బీరువా, పైన నేను కొన్న ఎల్.ఇ.డి. టీవీ. చెట్టినాడు ఇళ్ళ గురించి విన్నారా? కారైకుడి చుట్టుపక్కల చెట్టియార్లు కట్టుకున్నవి. బర్మా టేకు స్తంభాలు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు, కింద మాత్రం పక్కూరు ఆత్తంగుడిలో పోసిన సిమెంటు పలకలు. వ్యాపారానికి ఎక్కడెక్కడికి పోయారో అక్కడి సరుకంతా ఇంట్లో చేరింది. మన డిజైనరు గారు చూస్తే సగం తీసేయమనేవాడు. ఇవాళ వాటిల్లో కొన్ని హోటళ్ళయ్యాయి, మనమే డబ్బు కట్టి పోయి పడుకుంటున్నాం.

అట్టాగని ఏది పడితే అది కలపమనడం లేదు. 'ఫ్యూజన్' పేరుతో బాత్రూం పక్కన బుద్ధుడి తల, రాజస్థాన్ కిటికీ, విక్టోరియా సోఫా, సీలింగులో ఊదారంగు లైట్లు... అది కలపడం కాదు, కొనడం. ఇంకో జాతి ఉంది. తాత కుర్చీని పాతసామాన్లవాడికి వేసేసి, కావాలని గీతలు పెట్టి పాతబరిచిన 'వింటేజ్' కుర్చీని వేలుపోసి తెచ్చుకుంటారు. పనిచేస్తున్న పాత కోడ్ చదవకుండానే "మొదట్నుంచీ రాసేద్దాం" అనే కుర్రాళ్ళు మనకి తెలీనివాళ్ళా?

ఊరు కూడా చూసుకోవాలి కదా. మాది సముద్రానికి దగ్గర. (2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మా అమ్మకి ఇంకా నెల్లూరు జిల్లానే.) 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి హాల్లోకి నీళ్ళొచ్చాయి. అంతకు ముందేడు నేనే ముచ్చటపడి చేయించిన పార్టికల్ బోర్డు టీవీ యూనిట్ టీలో ముంచిన బిస్కట్లా ఉబ్బిపోయింది. టేకు బీరువాకి కాళ్ళ దగ్గర బురద గీత పడింది. అమ్మ గుడ్డతో తుడిచేసింది. ఈ లెక్కన మా ఊరికి ఏది మోడర్నో మీరే చెప్పండి.

చివరికి డిజైనరు గారికి నమస్కారం పెట్టి పంపేశాం. గోడలన్నిటికీ ఒకటే లేత రంగు వేయించాం, ఎన్ని రకాల సామాన్లున్నా సగం గోల దాంతోనే తగ్గింది. కొత్త సోఫా కాళ్ళు టేకు రంగుకి దగ్గరగా ఉండేట్టు చూసి తీసుకున్నాం. కలంకారీని కిటికీ ఎదురుగోడ మీంచి లోపలి గోడకి మార్చాం, ఎండకి ఆ చెట్ల రంగులు వెలిసిపోతాయి. అది శ్రీకాళహస్తిలో కొన్నది. అక్కడ పారే స్వర్ణముఖే మా ఊరికీ వస్తుంది. ఇంతకంటే మ్యాచింగ్ ఏం కావాలి? వాలుకుర్చీ పక్కన హైదరాబాదు ఐకియాలో కొన్న దీపస్తంభం పెట్టా. నాయన మొదట మొహం చిట్లించాడు గానీ ఇప్పుడు రాత్రిపూట పేపరు దాని కిందే చదువుతున్నాడట.

తమ్ముడు మాత్రం ఇంకా అలిగే ఉన్నాడు, వారానికోసారి తెల్లటి హాళ్ళ ఫోటోలు పంపిస్తుంటాడు. కుర్చీ గుడ్డ ఒకపక్క చిరిగింది, ఈసారి వెళ్ళినప్పుడు మార్పించాలి. ఏ రంగు వేయించాలన్నది అమ్మకీ నాయనకీ ఇంకా తేలలేదు.