చర్మం దగ్గర ఆగని వ్యాధి

తలలో పొలుసులు రాలితే చుండ్రు అంటారు. మోచేతుల మీద, మోకాళ్ల మీద ఎర్రని మచ్చలు లేస్తే తామర అంటారు. లేపనాలు మారుతూనే ఉంటాయి, మచ్చలు మాత్రం మానవు. చివరకు అది సోరియాసిస్ అని వైద్యుడు తేల్చేసరికి, పెద్దలకు రావలసిన జబ్బు పసివాడికి ఎలా వచ్చిందని తల్లిదండ్రులు విస్తుపోతారు. నిజానికి ఈ వ్యాధిగ్రస్తుల్లో దాదాపు మూడోవంతు మందికి అది ఇరవయ్యో ఏడు నిండకముందే మొదలవుతుంది.

ఇందులో జరిగేదేమిటి? శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, చర్మాన్ని తొందరపెడుతుంది. సుమారు నెల రోజులు పట్టవలసిన చర్మకణాల మార్పిడి కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. రాలిపోవలసిన కణాలు పొలుసులై పేరుకుంటాయి. అయితే ఈ తాపం చర్మానికే పరిమితం కాదు. దానిని రగిలించే రసాయనాలలో ఒకటైన టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా, ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది. ఒంట్లో పేరుకున్న కొవ్వు కూడా ఇదే పదార్థాన్ని విడుదల చేస్తుంది.

ఈ సంబంధానికి గణాంకాలూ సాక్ష్యమిస్తున్నాయి. జర్మనీలో సుమారు 13 లక్షల మంది ఆరోగ్య బీమా వివరాలను పరిశీలించి 2010లో ఒక నివేదిక వెలువరించారు. సోరియాసిస్ ఉన్న పిల్లల్లో స్థూలకాయం, మధుమేహం, అధిక రక్తపోటు, రక్తంలో కొవ్వు హెచ్చడం తక్కిన పిల్లలకంటే దాదాపు రెట్టింపుగా కనిపించాయి. తొమ్మిది దేశాల పిల్లలపై జరిగి 2013లో ప్రకటితమైన మరో పరిశీలనలో, సోరియాసిస్ ఉన్నవారిలో నూటికి 38 మంది అధిక బరువుతో ఉండగా, లేనివారిలో 20 మందే ఉన్నారు.

ఏది కారణం, ఏది ఫలితం? 2019లో వెలువడిన జన్యు పరిశోధన ప్రకారం, అధిక బరువు సోరియాసిస్‌కు దోహదం చేస్తుందనడానికి ఆధారం బలంగా ఉంది. సోరియాసిస్ బరువును పెంచుతుందనడానికి అంత బలం లేదు. కాని సామాన్య జీవితంలో మరో దారి ఉంది. ఈ జబ్బు అంటుకోదు. కుష్ఠుతో దీనికి సంబంధం లేదని వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా 1841లోనే స్పష్టం చేశాడు. అయినా తోటి పిల్లలు దూరం జరుగుతారు. మచ్చలు దాచుకోవడానికి ఆ పిల్ల ఆట మానుకుంటుంది. ఏ పరుగు ఆమె ఒంటికి మేలు చేస్తుందో ఆ పరుగే ఆగిపోతుంది.

కనుక చర్మంతోపాటు మరి కొన్నింటిని చూడాలి. 2017లో అమెరికా నిపుణులు సూచించినదేమంటే: రెండేళ్ల వయసు నుంచి ఏటా ఎత్తుకు తగిన బరువు ఉన్నదీ లేనిదీ చూడాలి, మూడేళ్ల నుంచి ఏటా రక్తపోటు కొలవాలి, తొమ్మిది, పదకొండేళ్ల మధ్య ఒకసారి, పదిహేడు దాటాక మరోసారి రక్తంలో కొవ్వును పరీక్షించాలి. అధిక బరువు ఉంటే, పదో ఏట నుంచి రక్తంలో చక్కెరనూ చూడాలి. దక్షిణాసియా వాసులకు మోస్తరు బరువులోనే మధుమేహం వచ్చే అవకాశం హెచ్చు గనుక, మన పిల్లల విషయంలో నడుము చుట్టుకొలతనూ గమనించడం మంచిది.

ఈ పరీక్షలు పిల్లలను భయపెట్టడానికి కావు. సోరియాసిస్ ఉన్న ప్రతి బిడ్డకూ మధుమేహం రాదు. తిండి విషయంలో ఆ ఒక్క బిడ్డను వేరుచేసి ఆంక్షలు పెడితే అవమానం రెట్టింపవుతుంది. ఇంటిల్లిపాదీ వేపుళ్లు, తీపి పానీయాలు తగ్గించుకుంటే అది శిక్ష అనిపించదు. సొంతంగా స్టెరాయిడ్ మాత్రలు కొని మింగించడం మాత్రం తగదు. అవి బరువు పెంచుతాయి. హఠాత్తుగా ఆపితే వ్యాధి తీవ్రరూపం దాల్చవచ్చు.

మచ్చలు తగ్గడానికి కాలం పట్టవచ్చు. అంతవరకు ఆట ఆగనక్కరలేదు.