మా చరణం మేమే కడతాం

1920ల్లో గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాట కట్టి జైలుకెళ్లాడు. రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న లేచి, నల్లదొరతనమూ వద్దన్నాడు. ఆ పాటకు కాలం చెల్లిందా? 2022 మే 24న, జిల్లాకు అంబేద్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారే!

మరి మా సంగతి? షేక్ నాజర్ బుర్రకథకు చప్పట్లు కొట్టారు. మౌలానా హస్రత్ మోహానీ ఇచ్చిన 'ఇంక్విలాబ్ జిందాబాద్'ను ఊరేగింపుల్లో మీదే చేసుకున్నారు. సంతోషం! మా గొంతు మీకు కావాలి. మా గోడు చెప్పుకుంటే మాత్రం అది 'మతం'!

ధర్మన్న ఎవరి ఇజాజత్ అడిగి పాడాడు? రాజోలు, కొత్తపేట సాయిబుల వీధుల నుంచి మేమూ అడగం. వదిలేసిన మా చరణం మేమే కడతాం. వంత పాడతారో, చెవులు మూసుకుంటారో మీ ఇష్టం.