వాపు శత్రువు కాదు, తగ్గని వాపే శత్రువు



మొన్న నా దగ్గర బియ్యం కొనడానికి వచ్చినాయన అడిగారు, "ఇవి తింటే క్యాన్సర్ రాదు కదండీ?" అని. ఔనంటే ఇంకో బస్తా అమ్ముడుపోయేది. నేను అనలేదు. ఎందుకో చెబుతాను.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుంది? ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. అది రోగం కాదండీ, ఒంటి కాపలా. తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి క్రిములను తినేస్తాయి. పేనుబంక పడ్డ చోటికి అక్షింతల పురుగులు వచ్చినట్టే. పని అయ్యాక వాపు తగ్గిపోవాలి.

చిక్కంతా తగ్గని వాపుతోనే. ఒకే చోట ఏళ్ల తరబడి దెబ్బ తగులుతుంటే కణాలు చస్తూ, కొత్తవి పుడుతూనే ఉంటాయి. ఆ క్రమంలో జన్యువుల్లో తప్పులు పోగుపడతాయి. అలాంటి ఒక కణం అదుపు తప్పి పెరిగితే క్యాన్సర్. అన్ని క్యాన్సర్లూ ఇలాగే రావు, కానీ చాలా వస్తాయి. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. పొగాకు విషం, వేడి కలిసి అంగిట్లో క్యాన్సర్ తెచ్చాయి. కాలేయానికి హెపటైటిస్ బి చేసేదీ ఇలాంటిదే.

"ఇమ్యూనిటీ పెంచుకుంటే చాలదా?" అంటారు. అది సొంత కీళ్ల మీదే తిరగబడితే రుమటాయిడ్ కీళ్లవాతం. క్యాన్సర్ కణమేమో దానికి బ్రేకులు వేసి తప్పించుకుంటుంది. ఆ బ్రేకులు తీసే వైద్యానికి దారి చూపినందుకే అల్లిసన్, హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. కషాయంతో ఆ బ్రేకులు ఊడవు.

మన పద్ధతి గొప్పదే. పిచికారీ చేసే చేతులకు విషం అంటదు. గ్లైఫోసేట్‌ను 2015లో ఐఏఆర్‌సీ 'బహుశా క్యాన్సర్ కలిగించేది' అనే వర్గంలో చేర్చింది. అంతవరకు ధైర్యంగా చెబుదాం, అంతకు మించి వద్దు. మా బంధువు ఒకాయన నోట్లో పుండుకు ఎనిమిది నెలలు ఆకుపసరు రాసుకున్నాడు. ఆస్పత్రికి వెళ్లేసరికి దవడ తీయాల్సి వచ్చింది. ఆ పసరు చెప్పింది మనలాంటి రైతే.

రెండు మూడు వారాలైనా మానని పుండు, పెరిగే గడ్డ కనబడితే డాక్టరుకు చూపించండి. చుట్ట, గుట్కా మానండి. పిల్లలకు హెపటైటిస్ బి టీకా వేయించండి. తెగులును మొదట్లోనే పట్టుకోమని ఊరికి చెప్పేది మనమే కదా. ఒంటికీ అదే న్యాయం. మిగతా సంగతులు వీడియోలో చూడండి, ఇంట్లోవాళ్లకూ చూపించండి.