సోరియాసిస్‌కు ‘శాశ్వత నివారణ’ అనకండి



సోరియాసిస్‌ను కొన్ని వారాల్లో సమూలంగా పోగొట్టవచ్చంటూ మీ పత్రికలో వేసిన వ్యాసంతో ఏకీభవించలేను. ఇది రక్తం చెడి వచ్చేది కాదు, అంటువ్యాధి అసలే కాదు. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడంతో, దాదాపు నెల పట్టాల్సిన చర్మకణాల ఎదుగుదల కొద్ది రోజుల్లోనే ముగిసి పొలుసులు పేరుకుంటాయి. వంశపారంపర్యం పాత్ర కూడా ఉంది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదని 2014లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానమే చెప్పింది.

ఇంగ్లీషు మందులు అణచిపెడతాయే తప్ప నయం చేయవన్నది వ్యాసకర్త వాదన. నిజమే, బీపీ, షుగరు మందులూ అంతే. వాటిని మనం మానడం లేదే! మచ్చలు కొద్దిగా ఉంటే పూతమందులు, ఎక్కువైతే అతినీలలోహిత కాంతి చికిత్స, మెథోట్రెక్సేట్, ఆపైన బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అలాంటి బయోలాజిక్ మందే అయిన బెంగళూరు బయోకాన్ వారి ఇటోలిజుమాబ్ 2013లోనే వచ్చింది. దుష్ప్రభావాల భయాన్ని కొట్టిపారేయను. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. రక్తపరీక్షలూ తప్పవు. అయితే సమూలంగా పోగొడతామంటూ అమ్మే పేరులేని పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే ఆ పరీక్షలు చేయించేదెవరు? ముందు చర్మం నునుపెక్కుతుంది. ఉన్నట్టుండి ఆపితే చీముపొక్కులతో ఒళ్లంతా తిరగబెట్టవచ్చు. మా అనకాపల్లి వారికి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోని చర్మవ్యాధుల విభాగం దూరమేమీ కాదు. సోరియాసిస్ ఉన్నవారికి కీళ్లు వాచి నొప్పి మొదలైతే అసలు ఆలస్యం చేయకూడదు, ఒకసారి దెబ్బతిన్న కీలు మళ్లీ మునుపటిలా కాదు. ఈ సంగతులూ ఆ వ్యాసం వేసిన పేజీలోనే వేయండి.

— ఒక పాఠకుడు, అనకాపల్లి